నర్సమ్మ రావడం ఆగక ముందే

పోయిన నెల బీపీ మాత్రల గురించి రాస్తిని. ఈ నెల నలుగురిలో మాట్లాడేకి సిగ్గుపడే సంగతి రాస్తాను. పేగు ఆపరేషన్ అయి, పొట్ట మింద దారి తీసి, సంచి తగిలించుకున్నవాళ్ల గురించి.

పేగులో క్యాన్సర్ వచ్చినా, పేగు మెలిపడినా, దెబ్బ తగిలినా డాక్టర్లు ఇట్ల దారి తీస్తారు. దాన్ని స్టోమా అంటారు. కొందరికి కొన్ని నెలలకే మూసేస్తారు. కొందరికి జీవితాంతం ఉంటాది. మా ఇంటాయనకు జీవితాంతమే. ఏడేండ్లయింది.

ఆస్పత్రి నుంచి వచ్చినాక కొన్ని వారాలు నర్సమ్మ ఇంటికొచ్చి సంచి మారుస్తాది. అప్పుడు ధైర్యంగానే ఉంటాము. కష్టమంతా ఆమె రావడం ఆగినాకనే. మా వీధిలో ఒక పిల్లోడు నా దగ్గరకొచ్చి, "పెద్దమ్మా, ఇంగ నర్సమ్మ రాదంట. తింటే సంచి నిండుతాదని మా నాయన అన్నమే మానేసినాడు" అన్నాడు. ఇట్ల తిండి తగ్గించుకొని, పెండ్లికీ తిరునాళ్లకీ పోక మూల కూర్చున్నోళ్లను శానామందిని చూసినాను. రోగం పోయినా మనిషి లేవలేదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. నర్సమ్మ వస్తుండగానే ఆ పని రోగి చేతికి రావల్ల. మగ్గం మింద పోగు తెగితే ముడి వేసేది పక్కన నిలబడి చూస్తే వచ్చిందా మనకు? మన వేళ్లకు వచ్చేదాకా మేస్త్రి వెనకాలే నిలబడుతుండె. ఇదీ అట్లే. రెండుసార్లు చూడండి. మూడోసారి "మీరు కూర్చోండమ్మా, నేను చేస్తాను, తప్పుంటే చెప్పండి" అనండి. కడసారి వచ్చేటప్పటికి ఆమెకు పని ఉండకూడదు. రోగికి జ్వరమొస్తే చేసేకి ఇంట్లో ఇంకొకరికీ వచ్చుండల్ల.

స్టోమా ఎర్రగా, తడిగా ఉంటాది. పుండు అనుకోవద్దు. ముట్టుకుంటే నొప్పి తెలీదు. తుడిచేటప్పుడు చుక్క నెత్తురు కనిపించినా మామూలే. చుట్టూ ఉండే చర్మం మాత్రం మిగతా ఒంటి చర్మం మాదిరే ఉండల్ల. ఎర్రగా మండుతుంటే సంచి కింద కారుతాందని అర్థం. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనియ్యండి. నూనె రాస్తే సంచి అంటుకోదు.

సంచికి బొక్క స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లే పెద్దదిగా కత్తిరించల్ల. ఆపరేషన్ అయినాక 6 నుంచి 8 వారాల దాకా వాపు తగ్గి స్టోమా చిన్నదైతా వస్తాది. మొదటి కొలతే పట్టుకుంటే కారుతాది. వారానికొకసారి కొలవండి. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యండి. కొత్త సంచులు ఎండలో, రేకుల కింద పెట్టొద్దు, జిగురు చెడుతాది.

చిన్నపేగు దారి ఉన్నవాళ్లకు ఒంట్లో నీళ్లు, ఉప్పు బిరీన పోతాయి. మన పావగడ ఎండల్లో మరీ జాగ్రత్త. ఓఆర్‌ఎస్ ఇంట్లో ఉండల్ల. శెనక్కాయలు మన నేల పంటే, అయినా మొదట్లో అవి, పచ్చికొబ్బరి, మొక్కజొన్న వద్దు. తరువాత డాక్టర్ని అడిగి కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినండి. స్టోమా నల్లబడినా, ఏమీ రాకుండా కడుపునొప్పి, వాంతులు ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి పోండి. సొంతంగా జులాబు మాత్ర వేసుకోవద్దు.

ఈ పని నేర్పేకి పెద్ద చదువే కావాలని లేదు. అమెరికాలో నార్మా గిల్ అనే ఆమెకు ఇట్లాంటి ఆపరేషనే అయింది. ఆమె నర్సు కాదు. అయినా ఆపరేషన్ చేసిన డాక్టర్ టర్న్‌బుల్ 1958లో ఆమెను క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రోగులకు నేర్పేకి పెట్టుకున్నాడు. తరువాత నర్సులకే ఆమె పాఠం చెప్పింది. మీకు చెయ్యి తిరిగినాక పక్కింటోళ్లకు మీరూ చెప్పొచ్చు.

ఖర్చు సంగతి. ఇ.ఎస్.ఐ.లో కనీసం 5 ఏండ్లు ఉండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ వైద్యం చేయించుకోవచ్చు. సంచులు కూడా ఇస్తారా అని మీ డిస్పెన్సరీలో అడగండి.

నర్సమ్మ కడసారి వచ్చిన రోజు ఐదు మాటలు కాగితం మింద రాయించుకోండి: సంచి పేరు, కొలత, అది దొరికే అంగడి, రాత్రిపూట కష్టమొస్తే చేసే ఫోను నంబరు, మళ్ళీ డాక్టర్‌కు చూపించే తేదీ. ఆ కాగితం క్యాలెండర్ పక్కన అంటించండి. ఇంట్లో అందరికీ కనపడల్ల.