నూనె డబ్బాకూ ఒక బ్యాచ్ రికార్డు ఉండాలి

కార్క్ హార్బర్ పడమటి ఒడ్డున రింగాస్కిడీలో ఫైజర్, జాన్సన్ అండ్ జాన్సన్ వంటి మందుల కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి. క్యారిగలైన్, డగ్లస్ వైపు నుంచి రోజూ ఎన్28 రోడ్డు మీద కారులో వచ్చి అక్కడ పనిచేసే మనవాళ్లకు ఒక విషయం విడమరచి చెప్పక్కర్లేదు. రియాక్టర్‌లో ఎంత వేశాం, ఎంత బయటికి వచ్చింది, మిగిలింది ఎటు పోయింది అనే లెక్క తేలాలి. తేలకపోతే డీవియేషన్ రాయాలి, కారణం వెతకాలి. ఇంత పట్టింపుగా పనిచేసే మనిషే ఇంటికి వచ్చి పోపు పెట్టేటప్పుడు ఐదు లీటర్ల డబ్బాను నేరుగా మూకుడులోకి వంపేస్తాడు. ఆ తర్వాత, ‘ఏమీ తినడం లేదండీ, అయినా బరువు తగ్గడం లేదు’ అంటాడు.

బరువు తగ్గాలనుకున్న వెంటనే మనం వేసే మొదటి ప్రశ్న ఏం మానేయాలి అని. అన్నమా, ఆలుగడ్డా, రాత్రి భోజనమా? నా ఉద్దేశంలో అంతకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇప్పుడున్న బరువుతో, ఇప్పుడు చేస్తున్న పనితో నాకు రోజుకు ఎన్ని కేలరీలు ఖర్చవుతున్నాయి? అది తెలియకుండా ఎంత తగ్గించాలో ఎలా తెలుస్తుంది?

లెక్క కష్టమైనదేమీ కాదు. 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ఇప్పటికీ ఎక్కువమంది వాడేది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపండి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయండి. మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. అది మంచం మీద కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసిన ఇంధనం. కూర్చుని చేసే ఉద్యోగమైతే దాన్ని 1.2 లేదా 1.3తో గుణిస్తే రోజు మొత్తం ఖర్చు వస్తుంది.

ఒక జంటను ఊహించుకుందాం. ఆయనకు 38 ఏళ్లు, 170 సెంటీమీటర్లు, 80 కిలోలు. ఆమెకు 36 ఏళ్లు, 156 సెంటీమీటర్లు, 66 కిలోలు. ఆయన రోజు ఖర్చు సుమారు 2,000 నుంచి 2,180 కేలరీలు. ఆమెది 1,550 నుంచి 1,680. తేడా 450 పైచిలుకు, అంటే ఒక పూట భోజనమంత. ఇద్దరూ ఒకే కుక్కర్‌లోంచి ఒకే కొలతలో వడ్డించుకుంటే ఆయన బరువు నిలకడగా ఉంటుంది, ఆమెది పెరుగుతుంది. దానికి తోడు పిల్లల కంచాల్లో మిగిలిన ముద్దలు ‘పారేయడం ఎందుకు’ అని ఎవరు తింటారో మనకు తెలుసు. ఆ తర్వాత ఆమెకు శ్రద్ధ లేదనే మాట కూడా ఆ ఇంట్లోనే వినిపిస్తుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. అక్కడ లోపం శ్రద్ధలో లేదు, వడ్డనలో ఉంది.

ఇద్దరూ కలిసి యాప్ పెట్టుకుని రోజుకు 500 కోసేద్దాం అనుకున్నా దెబ్బ ఆమెకే. ఆయనకు 1,500 దాకా మిగులుతాయి. ఆమెకు 1,050 నుంచి 1,180. అంత తక్కువలో మాంసకృత్తులు, ఐరన్, కాల్షియం సరిపడా అందడం కష్టం. నీరసం వస్తుంది, జుట్టు రాలుతుంది, రెండు నెలలకు విసుగొచ్చి మానేస్తారు. ఆమె 250, 300 తగ్గించి రోజూ అరగంట నడిస్తే చాలు. క్యారిగలైన్ నుంచి క్రాస్‌హేవన్ వైపు పాత రైలు దారిలో వేసిన గ్రీన్‌వే ఉండనే ఉంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి చలికాలంలో అది మధ్యాహ్నం విరామంలోనే కుదురుతుంది.

ఆ సూత్రం కూడా మన కోసం తయారైంది కాదు. అమెరికాలో కొలిచిన మనుషుల నుంచి వచ్చింది. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మనకు అదే బరువులో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. కండ తక్కువైతే ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చూ తక్కువే. అందుకే సూత్రం చెప్పిన అంకెల్లో తక్కువదాన్ని పట్టుకోవడం మేలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి 2,110, 55 కిలోల స్త్రీకి 1,660 అని ఉంది. ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోదగ్గ అంకెలు అవి. బీఎంఐ 25 దాటేదాకా భయం లేదని ఇక్కడి చార్టు చూసి అనుకోవద్దు. మనవాళ్లకు 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా చెప్పారు.

ఇక నూనె. ప్రతి కూరలో ఎన్ని చెంచాలు పడిందో రాసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. దానికి సులువైన దారి, కొత్త డబ్బా మూత తీసిన రోజున దాని మీద మార్కర్‌తో తేదీ వేయడం. ఐదు లీటర్లంటే సుమారు 4,600 గ్రాములు, 41,000 కేలరీలు. నలుగురున్న ఇంట్లో అది నెలకే అయిపోతే తలకు రోజుకు 38 గ్రాములు, అంటే దాదాపు 345 కేలరీలు. పోషకాహార సంస్థ 2,000 కేలరీల కంచానికి చెప్పిన నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ఆవకాయలో తేలే నూనె, వేడన్నంలో నెయ్యి, టోస్ట్ మీద రాసే ఐరిష్ బటర్ ఈ డబ్బా లెక్కలో లేనే లేవు. ఈ ఊళ్లో బటర్ రుచిని కాదనలేం, కానీ అదీ గ్రాముకు ఏడు కేలరీలకు పైనే.

యాప్‌లో రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది బియ్యం దగ్గర. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలు, వంద గ్రాముల అన్నంలో సుమారు 130. ఒకటి తూచి ఇంకొకటి రాస్తే రోజు లెక్క మొత్తం తప్పుతుంది. ఇక్కడి ప్యాకెట్ల మీద ముందు కిలోజౌల్స్ ఉంటాయి, దాని పక్కనున్నదే మనకు కావలసిన కిలోకేలరీ. చేతి గడియారం చూపే ‘కరిగిన కేలరీల’ను మాత్రం నమ్ముకుని అదనంగా తినొద్దు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరీక్షించిన ఏడు పరికరాల్లో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

కిలో కొవ్వుకు 7,700 కేలరీలంటారు. రోజుకు 400 తగ్గిస్తే 19 రోజులకు కిలో అన్నమాట. మొదటి నెల అలాగే ఉండొచ్చు. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది కాబట్టి తర్వాత నెమ్మదిస్తుంది. అప్పుడు కంగారుపడి ఇంకా కోసేయకుండా, కొత్త బరువుతో మళ్లీ లెక్క వేసుకోవాలి. తగ్గేది కండ కాకుండా కొవ్వే కావాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, చేప పెంచి వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తాలి. చిక్కటి పప్పు గిన్నెడు తిన్నా వచ్చే మాంసకృత్తులు ఆరేడు గ్రాములే. శాకాహారులకు పప్పన్నం ఒక్కటీ సరిపోదు.

ఈమధ్య మనవాళ్ల కూడికల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తున్నది ఇంజెక్షన్ల మాట. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ తయారీ పెంచడానికి ఇక్కడికి దగ్గరలోని కిన్‌సేల్ ప్లాంట్ మీద 80 కోట్ల డాలర్లు పెడుతున్నట్టు 2024లో ఎలై లిల్లీ ప్రకటించింది. అవసరమైనవాళ్లకు అది మంచి మందే, వాడుతున్నామని సిగ్గుపడాల్సిన పనీ లేదు. అయితే అది పనిచేసేది ఆకలిని తగ్గించి, లోపలికి వెళ్లే తిండిని తగ్గించడం వల్లే. ఆ కొద్ది తిండిలో ఏముందో చూసుకోకపోతే కండ కూడా పోతుంది. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తిండి తగ్గించే ముందు జీపీని కలవాలి. మందు మోతాదు అలాగే ఉంచి అన్నం సగం చేస్తే, నైట్ షిఫ్ట్ మధ్యలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.