ఒక్కపూట పువ్వు

పిల్లలూ, డేలిల్లీ పువ్వు పొద్దున విచ్చుకొని రాత్రికి వాడిపోతుంది. పేరులో లిల్లీ వున్నా ఇది అసలు లిల్లీ కాదు. దీని పుట్టిల్లు చైనా, జపాను ప్రాంతాలు.

ఇందులో ఒక తెగ చలికాలంలో ఆకులెండి నిద్రపోతుంది. ఆ చలి దొరకకపోతే ఏటేటా చిక్కిపోయి పూయడం మానేస్తుంది. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరుపడ్డ బిట్రగుంటలో అంత చలి ఎక్కడిది? పుష్యమాసంలోనూ దుప్పటి చాలు! కనుక ఎవరైనా చల్లని వూరినుంచి మొక్క తెస్తే, "చలికాలంలో ఆకు నిలుస్తుందా?" అని ముందే అడగండి. ఏడాది పొడుగునా పచ్చగా వుండే తెగే మనకు తగినది.

ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానులతో వస్తవి. నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతవి. మట్టి ఎత్తుచేసి నాటండి. మే నెల వడగాడ్పుకు మొగ్గలు రాలకుండా మధ్యాహ్నం కాస్త నీడ, సాయంత్రం నీళ్ళు వుండాలి.