బట్టలు సర్దుకుంటాం, టైర్లు అడగం



మార్గళి వస్తోందంటే మన సంఘంలో కొన్ని ఇళ్ళకు తాళాలు పడతాయి. కెనడాలోనో అమెరికాలోనో ఉన్న పిల్లల దగ్గరికి పోతాం. అక్కడ అవి సెలవు రోజులు. పిల్లలు మనల్ని కారెక్కించుకొని దూరపు ఊర్లు చూపించాలనుకుంటారు. మనం స్వెట్టర్లు, మేజోళ్ళు, మందులు, ఊరగాయ సీసాలు అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటాం. ఆ కారుకు ఏ టైర్లు వేశారని మాత్రం అడగం. అడగాలి అన్నది మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

రెండేళ్ళ కిందట డిసెంబరులో మేమిద్దరం మిస్సిసాగాలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. మాంట్రియల్ చూపించి, అక్కడి నుంచి క్యూబెక్ సిటీకి తీసుకెళ్తానన్నాడు. మాంట్రియల్‌కే 500 కిలోమీటర్లు దాటుతుంది, ఆపైన ఇంకో 250. బయల్దేరడానికి మూడు రోజులుందనగా, సాయంత్రం కూరగాయలు కొనుక్కొని వస్తున్నాం. సన్నగా మంచు పడుతోంది. వాళ్ళ వీధి చివర ఆగాల్సిన చోట అబ్బాయి బ్రేకు నొక్కాడు. వేగం 30 కూడా లేదు. బ్రేకు కింద గడగడమని చప్పుడు వచ్చిందే కానీ బండి ఆగలేదు. తిన్నగా జారిపోయి నాలుగు రోడ్ల నడిమధ్యన నిలబడింది. ఆ నిమిషంలో ఇంకో బండి రాలేదు, అంతే. వెనక సీట్లో మనవడు ఇదేదో ఆట అనుకొని నవ్వాడు.

రాత్రి అన్నాలయ్యాక అడిగాం. అవి ఆల్ సీజన్ టైర్లట. "అన్ని కాలాలకూ అని పేరులోనే ఉంది కదా నాన్నా, పైగా మనది ఆల్ వీల్ డ్రైవ్ బండి" అన్నాడు. బాగా చదువుకున్న పిల్లలు కూడా పొరపాటు పడేది ఈ రెండు మాటల దగ్గరే.

చలి 7 డిగ్రీల కన్నా కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుంటుంది, మార్గళి తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె బిగుసుకున్నట్టు. బిగుసుకున్న రబ్బరు రోడ్డును పట్టుకోదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని మీద సన్నసన్న గాట్లు ఎక్కువగా ఉండి మంచును కరిచి పట్టుకుంటాయి. నిజమైన వింటర్ టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. ఎం, ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. అవి గాట్ల తీరును చెబుతాయి, మంచు మీద పరీక్షలో నెగ్గినట్టు కాదు. ఆల్ వెదర్ అని ఇంకో రకం ఉంది. దాని మీద కొండ గుర్తు ఉంటుంది, ఏడాదంతా ఉంచుకోవచ్చు. ఊళ్ళో తిరగడానికి అది సరే. మంచులో దూర ప్రయాణానికి మాత్రం వింటర్ టైరే మేలు.

ఇక ఆల్ వీల్ డ్రైవ్. రైల్వేలో గుమాస్తాగా పనిచేసినా ఇంజన్ల సంగతి కొంత చూసినవాళ్ళం. ఎంత బలమైన ఇంజనుకైనా పట్టాలు తడిస్తే చక్రం ఊరకే తిరుగుతుంది. అందుకే చక్రాల ముందు ఇసుక వదిలే ఏర్పాటు ఉంటుంది. బలం వేరు, పట్టు వేరు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే బండి సులువుగా కదులుతుంది. ఆగడానికి మాత్రం టైరు పట్టే దిక్కు. రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కదా అంటారు. చలి బాగా ముదిరితే ఆ ఉప్పు కూడా సరిగ్గా పనిచేయదు.

ఖర్చు సంగతి మా కోడలు అడిగింది. నాలుగు నెలల కోసం ఇంకో నాలుగు టైర్లా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇవి తిరిగేటప్పుడు అవి విశ్రాంతిగా ఉంటాయి, రెండు జతలూ ఎక్కువ కాలం వస్తాయి. ఒంటారియోలో వింటర్ టైర్లు వేసుకుంటే ఇన్సూరెన్సు కంపెనీలు తగ్గింపు ఇవ్వాలని 2016 నుంచి నిబంధన ఉంది. పక్కనున్న క్యూబెక్‌లో అయితే అక్కడ రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి తప్పనిసరి. ఖర్చు తగ్గుతుందని ముందు రెండే వేసుకోవద్దు. ముందు చక్రాలు పట్టుకొని వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. వాడిన టైర్లు కొంటే గాట్ల లోతు 4 మిల్లీమీటర్ల కన్నా బాగా ఎక్కువ ఉండాలి. తయారైన తేదీ కూడా చూడాలి. చివరి నాలుగు అంకెలు 3522 అని ఉంటే 2022లో 35వ వారం అని అర్థం. చలికి గాలి కూడా తగ్గుతుంది, బయల్దేరే ముందు కొలిపించాలి. అద్దె బండి అయితే టైర్ల సంగతి ముందే అడిగి తీసుకోవాలి.

మరునాడు అబ్బాయి నాలుగైదు షాపులకు ఫోన్ చేశాడు. మొదటి మంచు పడ్డాక అందరూ ఒకేసారి పరిగెత్తుతారు. ఒకచోట సైజు లేదు, ఇంకోచోట రెండు వారాలు ఆగమన్నారు. ఈ పని అక్టోబరులోనే అయిపోవాలి. చివరికి రైల్లో మాంట్రియల్ పోయి వచ్చాం. క్యూబెక్ సిటీ చూడలేదు. అబ్బాయి జనవరిలో నాలుగు టైర్లూ వేయించాడు.

తప్పంతా పిల్లలదే అనడం లేదు. ఆ టైర్లు అరిగి నున్నగా ఉన్నాయని మా ఇంటావిడ వెళ్ళిన వారంలోనే గమనించింది. "వాళ్ళ ఇల్లు, వాళ్ళ డబ్బు, నీకెందుకు ఊరుకో" అన్నది మేమే. మనలో చాలామంది అక్కడికి పోయాక ఇలాగే అయిపోతాం. మాట అంటే కొడుకు ఏమనుకుంటాడో, కోడలు ఏమనుకుంటుందో అని నోరు కట్టుకుంటాం. కానీ ఆ ప్రయాణం పెట్టుకునేది మనకోసమే కదా. మనం ఉన్న నాలుగు రోజుల్లోనే అన్నీ చూపించాలని వాళ్ళు తొందరపడతారు. టైర్లు లేకపోతే కారు ప్రయాణం వద్దు, రైలు ఉంటే రైల్లో పోదాం, లేదంటే ఇంట్లోనే ఉందాం అని చెప్పాల్సింది మనమే. మనం అంటే వాళ్ళకు చిన్నతనం ఉండదు, పెద్దవాళ్ళు భయపడ్డారు అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఈ ఆదివారం పిల్లలకు ఫోన్ చేసినప్పుడు టైరు పక్కన కొండ గుర్తు ఉందో లేదో చూసి చెప్పమనండి.