బుజ్జి, ఎలుకల మందు, నా తెలివి!

కూకట్‌పల్లిలో మాది గ్రౌండ్ ఫ్లోర్, రెండు గదుల పోర్షన్. పోయిన చలికాలంలో రాత్రి పదకొండు దాటితే చాలు, వంటింట్లో కరకర మొదలయ్యేది. ముందు బియ్యం సంచికి చిల్లు. తర్వాత బిస్కెట్ ప్యాకెట్. ఆఖరికి ఫోన్ ఛార్జర్ వైరు కూడా కొరికేసరికి నాకు తిక్క రేగింది.

"ఓ పిల్లిని పెంచుకో బాబూ, ఆ వాసనకే పారిపోతాయి" అన్నారు ఓనర్ ఆంటీ. అలా మా ఇంటికి బుజ్జి వచ్చింది. వారంలో ఒక్కటంటే ఒక్క చిట్టెలుకని పట్టి, నా పరుపు మీద పెట్టి, మెచ్చుకోమన్నట్టు చూసింది! మిగతా టైమంతా నిద్రే. దాని తప్పేం లేదు. చిట్టెలుక మూడు వారాలకే ఈనుతుంది, కాన్పుకి ఐదారు పిల్లలు. ఒక్క పిల్లి ఎన్నని పడుతుంది?

ఓపిక లేక ఎలుకల మందు బిళ్లలు తెచ్చి సిలిండర్ వెనక పెట్టా. నాలుగైదు రోజులకి కరకర తగ్గింది. అబ్బో, గెలిచేశా అనుకున్నా.

పదో రోజు బుజ్జి తిండి మానేసింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. ముక్కు దగ్గర రక్తం చుక్క. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పరిగెత్తా. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "ఇంట్లో మందు పెట్టారా?"

ఆ బిళ్లల్లో ఉండేది బ్రోమాడియోలోన్. రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. పిల్లికి సులువుగా దొరికేది ఆ ఎలుకే! అదృష్టం, దీనికి విటమిన్ కె1 విరుగుడు. వారాల తరబడి మందులు మింగించాక బుజ్జి కోలుకుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఏంటో నాకప్పుడు అర్థమైంది. పేస్టులా వచ్చే పసుపు భాస్వరం మందైతే ఇంకా ఘోరం, మనిషి మింగినా దానికి విరుగుడే లేదు. ఎవరైనా పొరపాటున ఏ ఎలుకల మందు మింగినా, బాగానే ఉన్నారు కదా అని ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆ రాత్రి ఫోన్ టార్చి వేసి గోడ వెంట వెతికా. సింకు పైపు పక్కన చిన్న కన్నం. పెన్సిల్ పట్టే సందున్నా చిట్టెలుక దూరేస్తుందట! గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూశా. బియ్యం, పప్పులు మూతలున్న స్టీలు డబ్బాల్లోకి మార్చా. చెత్తబుట్ట రాత్రే ఖాళీ. లోపల మిగిలినవాటికి వేయించిన పల్లీలు పెట్టి బోను, అదీ గోడకి ఆనించి. ఎలుకలు గోడ వెంటే నడుస్తాయి కాబట్టి అక్కడైతేనే పడతాయి. జిగురు అట్టలు మాత్రం వద్దు, అంటుకుని గంటల తరబడి గిలగిల్లాడి చస్తాయి. పెంటికల్ని పొడిగా ఊడవకండి. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపాగి, గ్లవ్స్‌తో తుడవండి.

రెండు వారాల్లో ఇల్లు నిశ్శబ్దం. గొప్పగా అమ్మకి ఫోన్ చేసి చెప్పా.

"బియ్యం డబ్బాలో పోసుకోమని చేరిన రోజే చెప్పాను కదరా" అంది.

బుజ్జి ఆవలించింది.