మెట్లెక్కలేనివారు అతిథులు కారా?

హైదరాబాదునందు 1884లో కొండమీఁద కట్టనారంభించిన ఫలక్‌నుమా సౌధము 2010లో హోటలయ్యెను. ఇట్టి ప్రాచీనభవనములలో చక్రములకుర్చీకి వాలుబాట వేసిన సొగసు చెడునని కొందఱు వాదింతురు. గోడలు తొలిచి శీతలయంత్రములమర్చిననాఁడు చెడని సొగసు వాలుబాటతోనే చెడునా యని మేమడుగుచున్నాము. నలుగురు మోసి తెత్తురఁట! అది మర్యాద గాదు. మనుష్యుని మూటగాఁ జేయుట.

ప్రజలు వాడుకొను ప్రైవేటుభవనములును అందఱికిఁ బ్రవేశయోగ్యములుగా నుండవలెనని 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము విధించినది. ఈ నియమములు ఐచ్ఛికములు గాక నిర్బంధములు కావలెనని సుప్రీముకోర్టు 2024లోఁ దీర్పు చెప్పెను.

మిడుతూరివారికి హోటళ్ల గొడవయేల యందురా? చదువరులారా, పెండ్లిమంటపము మాటాడుకొనునప్పుడు, భోజనము వెల యడుగకమున్నే, కుర్చీలోని తాతగారు ముంగిటివాకిటనే లోనికిఁ బోఁగలరా యని యడుగుఁడు. అడుగువారు లేనిచోఁ గట్టువారును లేరు.