కరవుసీమలో అపరాధ పరిశోధన: ఒక అభ్యంతరానికి సమాధానం

మన విశ్వవిద్యాలయాల నవలా పరిశోధనకు అలిఖితమైన ఒక ఎల్ల ఉంది. సాంఘిక, చారిత్రక నవలలు దానికి లోపల. అపరాధ పరిశోధక నవల వెలుపల. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో ఎందరికో చదివే అలవాటు నేర్పారు. అయినా 'కాలక్షేప సాహిత్యం' అన్న ఒక్క మాటతో వారిని తోసిపుచ్చుతున్నాం. మతాచార్యురాలే నేర రహస్యాన్ని ఛేదించే ఒక ఆంగ్ల నవలను నేనొక సదస్సులో ప్రస్తావించగా, 'అది మన నేలకు సంబంధించినది కాదు' అన్నారు. ఈ వ్యాసం ఆ మాటతోనే పేచీ పెట్టుకుంటున్నది.

ఆ నవల జూలియా స్పెన్సర్ ఫ్లెమింగ్ రచించిన 'ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్' (2002). న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కల్పిత చిన్న పట్టణం. చర్చి గుమ్మంలో ఎవరో వదిలివెళ్లిన పసిబిడ్డ. కొత్తగా వచ్చిన మతాచార్యురాలు క్లేర్ ఫెర్గూసన్ పోలీసు అధికారితోపాటు కూపీ లాగుతుంది. పోలీసును చూసి మూసుకునే తలుపులు ఆమెకు తెరుచుకోగలవు. ఆమె బలం అదే.

ఇందులో పరాయితనం ఎక్కడ? దక్షిణ ఇండియా సంఘం 1976లోనే స్త్రీకి గురుపట్టం ఇచ్చింది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. నంద్యాల మనకు పొరుగే. కల్యాణరావు 'అంటరాని వసంతం' క్రైస్తవాన్ని దళిత చరిత్రలో భాగంగా చూపింది. కానీ గురుపట్టం పొందిన స్త్రీ ప్రధానపాత్రగా ఉన్న తెలుగు నవల నా పఠనంలో ఎదురుకాలేదు. భాషలోనే ఆ లోటు కనిపిస్తుంది: 'పాస్టరమ్మ' అంటే మన ఊళ్లలో పాస్టరుగారి భార్య. పదవి స్త్రీదే అయినప్పుడు ఏమని పిలవాలో వాడుక ఇంకా తేల్చుకోలేదు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటుంది: ఈ ప్రక్రియకు ఒక హంతకుడు కావాలి, కరవుకు హంతకుడెవడు? సుమారు 550 మి.మీ. సగటు వర్షం, ఎండిన బోరు, చేతికిరాని వేరుశనగ. ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. కానీ ఇక్కడ అపరాధ పరిశోధనను రచయితలకన్నా ముందు ప్రభుత్వమే మొదలుపెట్టింది. 2004 నాటి జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్యను ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి విచారించాలి. మరణం అప్పువల్లనా, మరో కారణంవల్లనా? పాసుపుస్తకం ఉందా? ప్రామిసరీ నోటు ఎవరి దగ్గరుంది? ఇవన్నీ సాక్ష్యాధారాల ప్రశ్నలే. 'కడుపునొప్పి తాళలేక' అన్న వాక్యం పత్రికా పాఠకులకు కొత్తకాదు. అది అబద్ధమని ఇంటి ఆడవారికి తెలుసు. కౌలుకు కాగితం ఉండదు. వడ్డీవ్యాపారి తన నోటు చూపడు. విచారణ బృందం ఒకపూట వచ్చి వెళుతుంది.

ఆ తరువాత కుటుంబ ప్రార్థనకు వచ్చి, చాపమీద కూర్చుని, భర్తను పోగొట్టుకున్న స్త్రీ మాట పూర్తయ్యేదాకా లేవని సంఘకాపరి మన నవలాకారులకు ఎందుకు కనిపించలేదు? నవల లేకపోవడం రచయితల లోటు. ఆ ప్రశ్న అడగదగినదే కాదనడం మాత్రం మనది, పాఠ్యప్రణాళికలు తయారుచేసేవారిది.