పదిహేను మంది పిల్లల లెక్క: దక్షిణ పినాకిని లోయలో తెలుగు హైస్కూలు నిలవాలంటే

నందికొండల వైపు పుట్టిన దక్షిణ పినాకిని బాగలూరు దగ్గర తమిళనాడులోకి వచ్చి, కెలవరపల్లి జలాశయం దాటి కృష్ణగిరి వైపు సాగుతుంది. వేపనపల్లి మీదుగా వచ్చే మార్కండేయ నది అందులో కలుస్తుంది. ఈ నదుల వెంట, కొండల నడుమ ఉన్న ఊళ్లలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ తరతరాలుగా పక్కపక్కనే బతుకుతున్నాయి. మామిడి తోటలు, కూరగాయల మడులు, హోసూరు ఫ్యాక్టరీలకు వెళ్లే బస్సులు ఇక్కడి జీవనాధారం. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక చిన్న ప్రభుత్వ హైస్కూలు ఉంటుంది. అందులో ఒక తెలుగు సెక్షన్ ఉంటే ఉంటుంది.

మన భాష గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా ప్రాథమిక బడి గురించే మాట్లాడతాం. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల తెలుగులో చదివి రాయగల మనిషిగా ఎదుగుతుందా లేదా అన్నది తేలేది ఎనిమిది నుంచి పదో తరగతి మధ్యలో, ఆ చిన్న హైస్కూల్లోనే. సరిగ్గా అక్కడే మనకు చట్టం అండ పలచబడుతుంది.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956లో ఏడో సవరణ ద్వారా వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. అయితే అది ప్రాథమిక దశకే పరిమితం. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలంటుంది. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదు వరకు, వీలైతే ఎనిమిది, ఆ పైన కూడా మాతృభాష అంటుంది. తొమ్మిది, పది తరగతుల దగ్గరికి వచ్చేసరికి వీటి అండ పలచబడుతుంది.

హైస్కూలుకు మిగిలింది పాత ఒప్పందాల్లో కుదిరిన ఒక లెక్క. ప్రాథమిక బడిలో ఒక తరగతికి 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో బోధన ఏర్పాటు చేయాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నిర్ణయం. హైస్కూలు స్థాయికి తర్వాత కుదిరిన ప్రమాణం ఒక్కో తరగతిలో 15 మంది, పై నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది. ఇది చట్టం కాదు, రాష్ట్రాలు ఒప్పుకున్న ప్రమాణం. ఆచరణ రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. అయినా వినతిపత్రంలో మనం చూపించగలిగిన ఆధారం ఇదే.

లోయలోని బడికి ఈ లెక్క ఎంత సున్నితమైనదో ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదో తరగతి తెలుగు సెక్షన్లో 17 మంది ఉన్నారనుకోండి. ఇద్దరిని హోసూరు ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తే 15. ఇంకొకరి కుటుంబం బెంగళూరుకు పనికి వెళ్తే 14. ముగ్గురు తండ్రులు ఎవరికి వారు తీసుకున్న నిర్ణయం మిగతా 14 మంది పిల్లల సెక్షన్‌ను ప్రశ్నార్థకం చేస్తుంది. పట్నంలో ముగ్గురు తగ్గితే తెలియనైనా తెలియదు. ఇక్కడ తలుపే మూతపడుతుంది.

2006 తర్వాత

తమిళనాడులో 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి 2015-16లో పదో తరగతిని చేరింది. చట్టం ప్రకారం మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది ఇతర సబ్జెక్టులు. తమిళం, ఇంగ్లీషు కాక మరో మాతృభాష ఉన్నవారు దాన్ని నాలుగో భాగంగా, ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. అంతకుముందు మొదటి భాగంలోనే తెలుగు రాసే వీలుండేది.

ఈ మార్పుపై భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2016లో మద్రాసు హైకోర్టు పదో తరగతి పిల్లలకు ఊరటనిచ్చింది. 2019లో మరోసారి 2020 నుంచి 2022 దాకా తమిళ పేపరు నుంచి మినహాయింపు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకో ఏడాది పొడిగించింది. ఈ తేదీలను వరుసగా పెట్టి చూస్తే మన బలహీనత కనబడుతుంది. మనకు దొరికినవన్నీ గడువులే. పరీక్షలు దగ్గరపడ్డాక మినహాయింపు కోసం పరుగెత్తడం, అది వచ్చాక వచ్చే ఏడాది దాకా మరచిపోవడం అలవాటైంది. ఈలోగా ఒకటో తరగతి నుంచి తమిళం సరిగా నేర్పే టీచరు కోసమూ మనం గట్టిగా అడగలేదు, తెలుగు మార్కులకు విలువ కోసమూ అడగలేదు.

'ఐచ్ఛికం' అన్న మాట హైస్కూల్లో ఎలా పనిచేస్తుందో తల్లిదండ్రులకు తెలుసు. ఐచ్ఛికమైన సబ్జెక్టుకు పిల్లవాడు సమయం పెట్టడు, టైంటేబుల్లో చివరి పీరియడ్ దానికే దక్కుతుంది. ఆ పోస్టు ఖాళీ అయితే నింపాలన్న తొందర ఎవరికీ ఉండదు. చిన్న బడిలో సబ్జెక్టుకు ఒకరే టీచరు. తెలుగులో లెక్కలు చెప్పే మాస్టారు రిటైరై, ఆ స్థానంలో తెలుగు రాని టీచరు వస్తే, పుస్తకం తెలుగులో ఉంటుంది, పాఠం తమిళంలో నడుస్తుంది. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తెలుగులో పుస్తకాలు వేస్తూనే ఉంది. వాటిని చదివి చెప్పే మనిషి లేకపోవడమే అసలు లోటు.

తల్లిదండ్రుల భయంలో నిజం ఉంది

పిల్లలను తెలుగు సెక్షన్ నుంచి తీసేసే తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. వాళ్ల లెక్కలో బలం ఉంది. 2021 డిసెంబరు ఉత్తర్వుతో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్లో తమిళ అర్హతా పేపరు తప్పనిసరైంది, అందులో కనీసం 40 శాతం రావాలి. తమిళ మీడియంలో చదివినవారికి ప్రభుత్వ నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. 2020 సవరణ తర్వాత బడి చదువంతా తమిళ మీడియంలోనే సాగి ఉండాలి. తెలుగు మీడియం పిల్లలకు ఆ వాటా అందదు.

సరిహద్దు దాటితే సరిపోతుందా అంటే అదీ లేదు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది, కృష్ణగిరికి దూరమూ కాదు. కానీ ఆంధ్రప్రదేశ్ కాలేజీ ప్రవేశాల్లో 371డి అధికరణం కింద స్థానికత లెక్క నడుస్తుంది, 85 శాతం సీట్లు స్థానికులవి. తెలుగులో పదో తరగతి పాసైనంత మాత్రాన మన పిల్లలు అక్కడ స్థానికులు కారు. మన పిల్లల చదువూ ఉద్యోగమూ ఎక్కువగా ఈ రాష్ట్రంలోనే. కాబట్టి తమిళం బాగా రావాలి. దీన్ని ఒప్పుకోకుండా తెలుగు కోసం చేసే వాదన ఏదీ తల్లిదండ్రుల దగ్గర నిలవదు.

అయితే ఆ భయంతో ప్రైవేటు బడికి మారేవారు ఇంకో లెక్క చూడటం లేదు. ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి నీట్‌లో అర్హత సాధించినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయింపును 2020లో చట్టం చేశారు. 2021లో దాన్ని ఇంజినీరింగ్ వంటి వృత్తివిద్యా కోర్సులకూ విస్తరించారు. దీనికి చూసేది చదివిన బడి, మీడియం కాదు. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు చదివి పై చదువుకు వెళ్లే ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022లో మొదలైంది. ఏడో తరగతిలో ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపిన ఇల్లు, ఈ అవకాశాలను చేజేతులా వదులుకుంటోంది. ఊళ్లో సెక్షన్ బలమూ తగ్గుతోంది.

మనం అడగాల్సింది ఏమిటి

తెలుగా, తమిళమా అన్న పోటీలో మన పిల్లలను నిలబెట్టడం మానాలి. హైస్కూలు దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా గట్టిగా ఉండాలి, దాని మార్కులకు పాస్‌లోనూ మొత్తంలోనూ మిగతా సబ్జెక్టులతో సమానమైన విలువ ఉండాలి. దానితోపాటే ఒకటో తరగతి నుంచి తమిళం చక్కగా నేర్పే టీచరు ఉండాలి. ఈ రెండు కోరికలనూ ఒకే అర్జీలో పెడితే, మనం రాష్ట్ర భాషకు వ్యతిరేకులమన్న మాటకు చోటుండదు.

ఆ అర్జీకి బలం లెక్కల నుంచే వస్తుంది. కొత్త విద్యాసంవత్సరానికి మూడు నెలల ముందే, ఏ భాష కోరుతున్నారో తల్లిదండ్రుల నుంచి నమోదు చేసుకోవాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఉంది. ఒక బడిలో సంఖ్య చాలకపోతే పక్క బడి పిల్లలతో సర్దుబాటు చేయాలనీ ఉంది. లోయలోని బడులకు ఈ రెండో మాట ప్రాణం లాంటిది. ఒక ఊళ్లో తొమ్మిది మంది, పక్క ఊళ్లో ఏడుగురు ఉంటే విడివిడిగా రెండూ 15కు చాలవు, కలిపితే 16. కానీ రాతపూర్వకంగా అడిగినవారు లేనప్పుడు 'కోరినవారు లేరు' అన్న జవాబే ఫైల్లోకి ఎక్కుతుంది. కాబట్టి ప్రతి ఇల్లూ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే హెడ్మాస్టరుకు రాసి, రసీదు తీసుకోవాలి. పాఠశాల నిర్వహణ కమిటీల్లో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉంటారు. అక్కడ మనవాళ్లు కూర్చొని, ఖాళీగా ఉన్న పోస్టు గురించి తీర్మానం రాయించాలి. బస్సు వేళలు కలవకపోతే పక్క ఊరి సర్దుబాటు కాగితానికే పరిమితమవుతుంది గనుక, బస్సు సంగతీ అదే తీర్మానంలో ఉండాలి.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా. సభల్లో ఈ అంకెలు గట్టిగానే వినిపిస్తాం. కానీ సెక్షన్ ఉంచాలా తీసేయాలా అని లెక్క చూసే అధికారి ముందున్న అంకె 42 లక్షలు కాదు, 15. ఒడిశాలో వంశధార పక్క ఊళ్లకైనా, కర్ణాటక సరిహద్దు ఊళ్లకైనా ఇదే వర్తిస్తుంది. మన చేతిలో ఉన్నదీ ఆ చిన్న అంకే. వచ్చే జూన్‌లో బడి తెరిచేనాటికి మీ ఊరి తొమ్మిదో తరగతిలో ఎంతమంది తెలుగు కోరుతున్నారో ఒక కాగితం మీద పేర్లతో రాసి చూడండి. ఆ సంఖ్య 15కు ఎంత దూరంలో ఉందో తెలిస్తే, మొదట ఏ ఇంటి తలుపు తట్టాలో కూడా తెలుస్తుంది.